గిరికి దగ్గరగను: బరంపురపు పానపద్యానికి టీకా తాత్పర్యం

మూలము

ఆ.వె.
గిరికి దగ్గరగను కిక్కిచ్చు బారేది
మంచిదైన దొకటి మాకు జెప్పు
మనుచు నడుగ నవ్వి మాయాటొ తమ్ముడు
సాగరమ్ము దాక సాగు మనియె.

అవతారిక

ఈ పద్యకర్త ఎవరో తెలియదు. బరంపురం స్టేషన్లో దిగి, సంచీ భుజాన వేసుకొని, పొద్దుగూకే వేళ గొంతెండి నిలబడ్డ తెలుగువాడని మాత్రం పద్యమే పట్టిస్తోంది. ఏ పని మీద వచ్చాడన్నది వివాదం. పెళ్ళికి పట్టుచీరలు కొనడానికని కొందరు, ఎం.కె.సి.జి. ఆసుపత్రిలో చుట్టాన్ని చూడటానికని కొందరు. రెండూ నిజం కావచ్చు. చీరల కొట్లో పరుపు మీద మధ్యాహ్నమంతా కూర్చున్నవాడికీ, ఆసుపత్రి వరండాలో బల్ల మీద మధ్యాహ్నమంతా కూర్చున్నవాడికీ సాయంత్రానికి పుట్టే కోరిక ఒకటే.

ఊరి సంగతి రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. బోర్డుల మీద బ్రహ్మపుర, నోళ్ళలో బరంపురం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ముక్క. ఆ రోజున గీత జరిగింది గానీ మనుషులు జరగలేదు. పట్టు నేసే దేర కులంవాళ్ళు ఏనాడో గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు. రెండేళ్ళకోసారి చైత్రమాసంలో జరిగే ఠాకురాణి యాత్రలో బుఢీ ఠాకురాణి అమ్మవారు పుట్టింటికని వచ్చి కూర్చునేది ఆ నేతగాళ్ళ పెద్ద దేశీబెహెరా వీధిలోనే. అప్పడాల బేరం తెలుగులో, ఆవకాయ బేరం తెలుగులో, మేడల మీద వడియాలు ఎండబెట్టే అమ్మ కాకుల్ని అదిలించేదీ తెలుగులో. మన కవికి ఇదేమీ గుర్తు లేదు. పరాయి రాష్ట్రం, పరాయి ఊరు, ఇక్కడ నన్నెరిగినవాడెవడు అనుకున్నాడు. పద్యానికి ప్రాణం ఈ భ్రమలోనే ఉంది. రసజ్ఞులు గమనించవలెను.

కోలాచలం మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి వ్యాఖ్యానానికి కూర్చున్నాడట. అంత నిగ్రహం ఈ వ్యాఖ్యాతకు లేదు. బారు వెతుక్కునే పద్యంలో అక్కరలేనిదంటూ ఏముంటుంది? పైగా ఊరు తిరుగుతూ ఎక్కడేం దొరుకుతుందో చెప్పుకోవడం మనకు కొత్త కాదు. క్రీడాభిరామంలో టిట్టిభసెట్టీ మంచనశర్మా ఓరుగల్లు వీధులన్నీ చుట్టబెట్టింది ఇలాంటి పనుల మీదే. వాళ్ళకు ఆటో లేదు, అంతే తేడా.

ప్రతిపదార్థము

గిరికి = గిరి రోడ్డునకు; దగ్గరగను = నాలుగడుగులలో అందునట్లుగా; కిక్కు ఇచ్చు = మదమును కలిగించు; బారు = పానశాల; ఏది = ఎచ్చట కలదు; మంచిదైనది ఒకటి = పరువైనదొక్కటి; మాకు = నాకు (బహువచన రహస్యము ముందు చూడుడు); చెప్పుము అనుచు = తెలుపుమనుచు; అడుగన్ = ప్రశ్నింపగా; మా ఆటొ తమ్ముడు = మేమెక్కిన ఆటోను నడుపు యువకుడు; నవ్వి = నవ్వి (ఎందుకో ముందు చూడుడు); సాగరమ్ము దాక = సముద్రము వరకు; సాగుము = పొమ్ము; అనియె = అనెను.

తాత్పర్యము

ఊరికి కొత్తవాడొకడు గిరి రోడ్డు పక్కన మంచి బారుందా అని అడిగితే, ఆటో అబ్బాయి నవ్వి గోపాల్‌పూర్ సముద్రం దాకా పోదాం పదమన్నాడు. కిరాయి ఎంత చెప్పాడో కవి దాచాడు.

విశేషములు

గిరికి. గిరి అంటే కొండ అని నిఘంటువు. దీన్ని పట్టుకొని కోర్టుపేట వ్యాఖ్యాతలు ఇది మహేంద్రగిరి అన్నారు. 1501 మీటర్ల కొండ, పరశురాముడు తపస్సు చేస్తున్న చోటు. ఆ చుట్టుపక్కల సవర పల్లెల్లో జీలుగు కల్లు దొరుకుతుంది, ఒప్పుకున్నాం. కానీ బారు? పైగా గొడ్డలి పట్టుకొని కూర్చున్న ముని దగ్గరికి పోయి కిక్కిచ్చు బారేది అని అడిగే ధైర్యం ఏ కవికీ ఉండదు. ఈ అర్థం త్యాజ్యం.

బిజిపూర్ వ్యాఖ్యాతలు ఇది గిరిసోల అన్నారు. వీళ్ళ వాదంలో కొంత పస ఉంది. జాతీయ రహదారి మీద ఇచ్ఛాపురం దాటగానే ఒడిశా వైపు తగిలే మొదటి ఊరు గిరిసోల. దూబగుంటలో రోసమ్మ మొదలుపెట్టిన సారా పోరు ఊరూరా పాకి, ఎన్టీఆర్ 1995లో ఆంధ్రదేశమంతా మద్యం బందు చేశాక, 1997లో మళ్ళీ తలుపులు తీసేదాకా, గీతకు ఇటువైపు ఎండ, అటువైపు తడి. అప్పట్లో మన వైపు వాణ్ణి కొండగుర్తు ఏదని అడిగితే సరిహద్దు గేటే చూపించేవాడు. ఆ మధ్య ఆంధ్రలో పేరూ ఊరూ లేని బ్రాండ్లు రాజ్యమేలిన ఐదేళ్ళలోనూ చాలామందికి గిరిసోల మీద హఠాత్తుగా భక్తి పుట్టింది. అయినా పద్యంలో ఉన్నది ఆటో ఎక్కినవాడు. సరిహద్దు దగ్గర దిగినవాడికి ఆటోతో పనేముంది? కాబట్టి ఇదీ నిలవదు.

గిరి అంటే వరాహగిరి వెంకటగిరి. ఇంటిపేరులో ఒక గిరి, ఒంటిపేరులో ఒక గిరి. రెండు కొండలున్న పేరు ఊరికి కొండగుర్తు కాక మరేమవుతుంది? 1894 ఆగస్టు 10న ఈ బరంపురంలోనే పుట్టాడు. తండ్రి జోగయ్య పంతులు ఇక్కడ పేరున్న వకీలు. కొడుకు 1969లో రాష్ట్రపతి అయ్యాడు. ఆయన పేరున్న గిరి రోడ్డులో ఇవాళ బట్టల కొట్లు, మందుల షాపులు. మందుల షాపులంటే జ్వరం మందులే. పాఠకుడు తొందరపడరాదు.

ఇక్కడ వ్యాఖ్యాత కాస్త ఆగుతాడు, ఎందుకంటే కవి ఆగలేదు. గిరి 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్ళాడు. డబ్లిన్ ఎలాంటి ఊరో జేమ్స్ జాయిస్ చెప్పాడు. ఆయన యులిసీస్ నవలలో బ్లూమ్ అనే ఆయన వీధిలో పోతూ, ఒక్క పబ్బైనా అడ్డం రాకుండా డబ్లిన్ ఈ కొస నుంచి ఆ కొసకు నడవగలగడం భలే చిక్కుప్రశ్న అనుకుంటాడు. ఆ చిక్కుప్రశ్నలాంటి వీధుల్లో చదువుకొని, ఐర్లండు తిరుగుబాటు ముదిరిన 1916లో మన గిరి ఇంటికి తిరిగొచ్చాడు. తర్వాత ఆరేళ్ళకు, యులిసీస్ అచ్చయిన 1922లోనే, మొదటిసారి జైలుకు పోయాడు. నేరం? మద్యం దుకాణాల ఎదుట నిరసన. కొడుకే కాదు. తల్లి సుభద్రమ్మ గారు శాసనోల్లంఘన రోజుల్లో బరంపురంలో మద్యనిషేధం కోసం ఆందోళన నడిపి అరెస్టయింది. ఆ కాలపు పంతులుగారింటి ఆడమనిషి గడప దాటి, వీధి దాటి, సారా దుకాణం ముందు నిలబడిందంటే ఎంత మాట! తాగడానికి వచ్చిన మగవాళ్ళు చెప్పులు చేతిలో పట్టుకొని వెనుదిరిగి ఉంటారని వ్యాఖ్యాత ఊహ.

ఇప్పుడు మన కవి ఏం చేశాడో చూడండి. సారా కొట్టు మూయించడానికి తల్లీకొడుకులు జైలుకు పోయిన ఇంటి పేరును గుర్తుగా పెట్టుకొని, దాని దగ్గర బారెక్కడ అని అడుగుతున్నాడు. దీన్ని ఆలంకారికులు విరోధాభాసం అంటారు. బరంపురంలో అయితే తెలియనితనం అని ఊరుకుంటారు. ఊరికి కొత్త కదా.

దగ్గరగను. ఈ శబ్దం మీద ధర్మశాస్త్రం చాలా ఉంది. గుడికీ బడికీ ఇంత దూరాన అని ఆబ్కారీవారి నిబంధనలు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటికి తోడు 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు, జాతీయ రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మరాదని తీర్పిచ్చింది. 2017 ఏప్రిల్ నుంచి అమలు. అమలయ్యే ముందే 20,000 జనాభా లోపున్న ఊళ్ళకు దాన్ని 220 మీటర్లు చేసింది. ఆ జులైలో పట్టణాల లోపలి రోడ్లకు ఇది వర్తించదని సర్దిచెప్పింది. శ్రుతి ఒకటే, స్మృతులు మూడు.

ఈ మీటర్లను ఎలా కొలవాలి అన్నదానిమీద కేరళ దేశపు వ్యాఖ్యానం ఒకటి జగత్ప్రసిద్ధం. ఎర్ణాకుళం దగ్గర ఒక బారువారు తమ స్థలంలో గోడలు కట్టి, వంకలు తిప్పి, పద్మవ్యూహం లాంటి దారి పరిచారు. బారు ఉన్నచోటే ఉంది, నడక మాత్రం 500 మీటర్లు దాటింది. అభిమన్యుడికి లోపలికి పోవడం తెలుసు, బయటికి రావడం తెలియదు. ఆ బారుకు పోయినవాళ్ళకు రెండూ తెలియకపోయి ఉండవచ్చు.

బరంపురంలో ఈ కొలతలేవీ ముఖ్యం కావు. ఇక్కడ దగ్గర, దూరం కొలిచే గజం వేరు. అది నవ్వి అన్న మాట దగ్గర తేలుతుంది.

కిక్కిచ్చు. గ్రామ్యమని కొందరు పండితులు ముక్కు విరుస్తారు. వారికి జవాబు: గిడుగు రామమూర్తి పంతులు జనం నోట ఆడేదే భాష అని పోరాడింది ఎక్కడ కూర్చుని? అప్పటి గంజాం జిల్లా పర్లాకిమిడిలో. ఆ జిల్లాలో కిక్కు అన్న మాటను కొట్టేసే అధికారం ఎవరికీ లేదు.

కిక్కుకు శాస్త్ర ప్రమాణం కూడా ఉంది. భరతముని ముప్ఫైమూడు వ్యభిచారి భావాల్లో మదాన్ని ఒకటిగా లెక్కపెట్టి, తాగినవాళ్ళను మూడు తరగతులుగా విడదీశాడు. ఉత్తముడు తాగి పడుకుంటాడు. మధ్యముడు నవ్వుతాడు, పాడతాడు. అధముడు తిడతాడు, ఏడుస్తాడు. ఇన్ని శతాబ్దాలైనా ఇందులో సవరించవలసిన అక్షరం లేదు. ఏ బారులోనైనా రాత్రి పదిన్నరకు తల తిప్పి చూడండి, మూడు తరగతులూ మూడు టేబుళ్ళ దగ్గర కనిపిస్తాయి. నాలుగో తరగతి ఒకటి భరతుడికి తెలియదు: బిల్లు వచ్చేసరికి ఫోను మాట్లాడుతూ బయటికి పోయేవాడు.

గంజాం గడ్డకు ఈ విద్య దిగుమతి సరుకు కాదు. కొండల్లో ఇప్పపువ్వు సారా, మైదానంలో తాటికల్లు ఈతకల్లు ఉండనే ఉన్నాయి. ఋషికుల్యా నది ఒడ్డున ఆస్కాలో 19వ శతాబ్దంలో ఒక దొర చెరకు చక్కెర ఫ్యాక్టరీ నడిపి, దాంతోపాటు సారాయి బట్టీ కూడా నడిపాడు. చక్కెర తీయగా మిగిలిన మడ్డి పారబోయడం ఎందుకని. దొర పేరు మించిన్. అతణ్ణి మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు.

బారు. బయటి తెలుగువాడు ఇక్కడే దెబ్బతింటాడు. ఆంధ్రలో వైన్‌షాపు అంటాం, తెలంగాణలో వైన్స్ అంటాం, ద్రాక్షరసం చుక్క లేకపోయినా. ఒడిశా బోర్డుల మీద ఉండేది ఆఫ్ షాపు. మనవాడు దూరం నుంచి ఆ బోర్డు చదివి, అయ్యో, ఆఫ్ అయిపోయిందే, మూసేశారే అని నిట్టూర్చి వెనక్కి తిరుగుతాడు. లోపల జనం కిటకిటలాడుతూనే ఉంటారు. ఆఫ్ షాపు అంటే సీసా కొనుక్కొని పట్టుకుపోయేది. ఆన్ షాపు అంటే అక్కడే కూర్చుని తాగేది. మన కవికి కావలసింది ఆన్ షాపు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఆటో అవసరం లేకుండానే పద్యం రెండో పాదంలో ముగిసేది. వాఙ్మయానికి ఎంత నష్టం!

మంచిదైన దొకటి. పబ్బు అనకుండా బారు అన్నాడంటే కవికి తన స్తోమత తెలుసన్నమాట. పబ్బులంటే హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో, చెవులు పగిలే పాటా గోడల మీద రంగు దీపాలూ. అక్కడ పక్కవాడు ఏం మాట్లాడుతున్నాడో వినపడదు కనుక చుట్టరికాలు బయటపడవు. బరంపురంలో ఆ సౌకర్యం వెతకడం అత్యాశ.

ఇక మంచి బారుకు లక్షణమేమి? కౌటిల్యుడు అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడి ప్రకరణంలో స్పష్టంగా రాశాడు. పానశాలకు చాలా గదులుండాలి. వేరువేరు పడకలు, ఆసనాలు ఉండాలి. గంధం, పూలమాలలు, నీళ్ళు ఉండాలి. ఏ ఋతువులో ఆ ఋతువుకు తగ్గ సుఖం ఉండాలి. మత్తులో ఉన్నవాడి సొమ్ము పోతే వ్యాపారి కట్టుకోవాలి. ఎవడు ఎంత ఖర్చు పెడుతున్నాడో కనిపెట్టడానికి లోపల వేగులవాళ్ళుండాలి. వీటిలో ఋతుసుఖం ఇవాళ ఏసీ రూపంలో సిద్ధించింది. గదులు ఫ్యామిలీ క్యాబిన్లయ్యాయి. ఆ క్యాబిన్లో ఏ ఫ్యామిలీ ఏనాడు కూర్చుందో పరిశోధకులు తేల్చాలి. పూలమాలలు పోయి, గల్లాపెట్టె పైన పటానికి వేసిన మల్లెదండ ఒకటి మిగిలింది. పోయినసొమ్ము కట్టుకునే ధర్మం పూర్తిగా లుప్తమైంది. వేగులవాళ్ళు మాత్రం ఉన్నారు. వాళ్ళ సంగతికి వస్తున్నాను.

మంచి అన్నచోట మంచింగు అని ఒక పాఠాంతరం ఉంది. గణాలు చెడతాయి గాని అర్థం బాగుపడుతుంది. తాగేవాడికి గ్లాసులోది ఎక్కడైనా ఒకటే, బారుకూ బారుకూ తేడా పళ్ళెంలో తెలుస్తుంది. ఈ విషయంలో బరంపురాన్ని కొట్టగల ఊరు కోస్తాలో లేదు. కారణం అప్పడం. ఇక్కడి అప్పడం బజారు సరుకు కాదు, ఊరి పరువు. పల్చగా ఒత్తి, మేడల మీద గుడ్డలు పరిచి ఎండబెట్టినది. నిప్పుల మీద కాలిస్తే అంచు కొద్దిగా లోపలికి ముడుచుకుని, నడిమధ్యన అక్కడక్కడ గోధుమరంగు పొక్కులు లేస్తాయి. ఆ పొక్కుల మీద సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, నాలుగు చుక్కల నిమ్మరసం. రసం తగిలిన చోట అప్పడం మెల్లగా మెత్తబడుతూ ఉంటుంది గనుక, అది పూర్తిగా వాలిపోకముందే తినాలి. తాగడానికి వచ్చినవాడికి తొందర నేర్పేది ఇదొక్కటే. దాని తర్వాత చిలికా సరస్సు రొయ్య వేపుడు. దాని తర్వాత మరో గ్లాసు గురించి ఆలోచించేవాడు కవి కాడు, కవిపుంగవుడు.

మాకు. వచ్చింది ఒక్కడే. అడిగింది మాకు అని. ఇది గౌరవ బహువచనం కాదు, భయ బహువచనం. పాలు కొనేవాడు నాకు అర లీటరు అంటాడు. బారు అడిగేవాడు మాకు అంటాడు, మా ఫ్రెండు అడిగాడు అంటాడు, వెనకాల ఇంకో ఇద్దరున్నారు అంటాడు. పాపం పంచుకుంటే తరుగుతుందని లోకంలో ఒక నమ్మకం. తెలుగుదేశంలో తనకోసం మందు కొన్నవాడు ఇంతవరకు పుట్టలేదు.

మాయాటొ తమ్ముడు. ఆటో అనవలసిన చోట ఆటొ అని కురచ చేశాడు. ఛందస్సు కోసం. మీటరు కుదరాలి కదా అని కొందరు కవిని సమర్థిస్తారు. ఆటోలో మీటరు చూసి డబ్బులిచ్చినవాడెవడూ వాళ్ళలో లేడు. పదచ్ఛేదం మా ఆటొ అని ఒకటి, మాయ ఆటొ అని ఇంకొకటి. కిరాయి చెప్పేదాకా మొదటిది, చెప్పిన తర్వాత రెండోది. తమ్ముడు అనడంలో కవి లౌక్యం ఉంది. బారు దారి అడిగేటప్పుడు బాబూ అంటే పెద్దరికం వచ్చి పడుతుంది, అన్నా అంటే చిన్నతనం వస్తుంది. తమ్ముడూ అంటే నువ్వు నేను ఒకటే, మనిద్దరి మధ్యనే ఉండనీ అని.

నవ్వి. పద్యమంతటికీ ఇదే కీలకం. ఎందుకు నవ్వాడు? ఊళ్ళో బార్లు లేక కాదు. గిరి రోడ్డు చరిత్ర తెలిసి కూడా కాదు. అసలు జరిగింది ఇది. కవి మొదట హిందీలో అడిగాడు, ‘భయ్యా, ఇధర్ పాస్ మే అచ్ఛా బార్ కిధర్ హై’ అని, మన బడిలో నేర్పిన హిందీలో. ఆ హిందీ వినగానే ఆటో అబ్బాయికి మనిషి ఊరు, జిల్లా, బహుశా తాలూకా కూడా తెలిసిపోయాయి. ‘ఏటన్నా, మనోళ్ళేనా? ఏ ఊరేటి?’ అన్నాడు. కవి గుండె గుభేలుమంది. సోంపేట అన్నాడు. ‘సోంపేటా? మా అక్కనిచ్చింది అక్కడే. మా బావ ఇక్కడే అప్పడాల కొట్టు.’ ఇంక మూడు ప్రశ్నలు గడిస్తే కవి ఎవరింటికి వచ్చాడో కూడా తేలిపోతుంది.

కౌటిల్యుడు పెట్టమన్న వేగులవాళ్ళు వీళ్ళే. జీతం లేదు, నియామకం లేదు. గిరి రోడ్డు పక్క ఏ బారులో కూర్చున్నా వెనక టేబుల్లో తెలుగు వినిపిస్తుంది. ఆ తెలుగువాడి మరదలు ఇచ్ఛాపురంలో, ఇచ్ఛాపురం మరదలి పిన్ని సోంపేటలో. మొదటి గ్లాసు దిగేలోపు కబురు ఇంటికి చేరుతుంది. మనిషి మాత్రం చివరి బస్సుకు చేరతాడు. సుప్రీంకోర్టు 500 మీటర్లు పెట్టింది. బరంపురంలో అది చాలదు. ఇక్కడ మద్యానికీ మర్యాదకూ మధ్య ఉండవలసిన దూరం మీటర్లలో లేదు, చుట్టరికంలో ఉంది. నన్నెరిగినవాడు కూర్చోని చోటు ఎంత దూరంలో ఉన్నా అదే మంచి బారు. ఆటో అబ్బాయి దయతో నవ్వాడు. చుట్టమైపోబోతున్నవాణ్ణి ముందే గట్టెక్కించాడు. సుభద్రమ్మ గారు వీధిలో నిలబడి చేయవలసి వచ్చిన పనిని ఇప్పుడు వదినలూ పిన్నులూ ఫోనులో చేసేస్తున్నారు.

సాగరమ్ము దాక. గోపాల్‌పూర్ ఇక్కడికి సుమారు 16 కిలోమీటర్లు. దగ్గరగను అని అడిగినవాడికి ఇది జవాబా అని కొందరి పూర్వపక్షం. పైన చెప్పిన గజంతో కొలిస్తే ఇదే అన్నిటికంటే దగ్గర. గోపాల్‌పూర్ ఒకప్పుడు రేవు. రంగూన్ వెళ్ళే రంగం ఓడలు ఇక్కడినుంచే కదిలేవి, గంజాం నుంచి శ్రీకాకుళం నుంచి కూలిపనికి పోయే తెలుగువాళ్ళతో, ఒడియావాళ్ళతో నిండిపోయి. రెండో ప్రపంచయుద్ధంతో ఆ రాకపోకలు ఆగిపోయాయి. పాత రేవు స్తంభాలు కొన్ని ఇంకా మొండిగా నిలబడ్డాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను తీరం దాటింది కూడా ఈ పక్కనే.

తాగేవాడికి కావలసిన చరిత్ర వేరు. 1914లో ఇక్కడ సముద్రానికి ఎదురుగా ఒక ఇటలీ దొర పామ్ బీచ్ హోటలు కట్టించాడని చెబుతారు. తర్వాత అది ఒబెరాయ్ వాళ్ళ చేతికి వెళ్ళింది, ఇప్పుడు మేఫెయిర్ వాళ్ళ చేతిలో ఉంది. కలకత్తా దొరలు, దొరసానులు గాలి మార్పుకని వచ్చి సాయంకాలాలు వరండాలో గ్లాసు పట్టుకొని కూర్చున్న ఊరు ఇది. అంచేత గోపాల్‌పూర్‌లో తాగడానికి ఒక వంశపారంపర్య గౌరవం ఉంది. బరంపురంలో తాగినవాడు తాగుబోతు. గోపాల్‌పూర్‌లో తాగినవాడు టూరిస్టు. అదే మనిషి, అదే సీసా.

అక్కడ దీపస్తంభం ఉంది. కొండగుర్తుగా దానికి సాటి లేదు. గిరి రోడ్డు ఎక్కడో నాలుగుసార్లు అడగాలి. దీపస్తంభం రాత్రయినా తనే చెబుతుంది, తాగినవాడికి రెండుగా కనిపించినా దారి తప్పదు. దాని దగ్గర బారేది అని అడిగితే తప్పు పట్టేవాడు లేడు. ఆ దీపం ఏ మద్యం దుకాణం ముందూ నిరసనకు కూర్చోలేదు.

ఒక్క చిక్కు మాత్రం ఉంది. ఇసుకలో పడవలు లాక్కుంటూ, వలలు విప్పుకుంటూ కనిపించే నోళియాలు, గోపాల్‌పూర్ బెస్తలు, తెలుగువాళ్ళు. కవి 16 కిలోమీటర్లు పోయి, ఎవరూ ఎరగని చోటని నిశ్చింతగా కూర్చుని, చీకట్లో సముద్రం వైపు తిరిగి మొదటి గుక్క మింగేసరికి పక్కనుంచి వినిపిస్తుంది, ‘ఏటి బావూ, బరంపురం నుంచేనా? పీతలు కావాలేటి?’ అని. ఇది కవి ఊహించని ధ్వని. పద్యం దీని ముందే ఆగిపోయింది, కవి అదృష్టం.

సాగు మనియె. పొమ్మన్నాడు, సరే. తిరిగి రమ్మనే మాట మూలంలో లేదు. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటినవాడు బండి తోలితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను కింద, 2019 సవరణ ప్రకారం, మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, కుదిరితే రెండూ. గిరి గారు జైలుకు పోయిన కారణానికీ మనం పోయే కారణానికీ ఉన్న తేడా పాఠకుడే గ్రహించవలెను. కాబట్టి సొంత బండి తీసుకురాని కవి వివేకి. తమ్ముడు బయట ఆటోలో కూర్చుని ఫోనులో పాత సినిమా చూసుకుంటూ ఉంటాడు. వచ్చేటప్పుడు సోంపేట సంగతులు అడుగుతాడు, జవాబు చెప్పరాదు. కిరాయి రానూపోనూ ఎంతో తాగకముందే మాట్లాడుకోవలెను. వెయిటింగు వేరే అట.